చలికాలం బురదలో డౌన్‌హిల్: టైర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

సౌత్ వేల్స్‌లో ఉంటూ తొమ్మిదేళ్లుగా చలికాలం కూడా ఆపకుండా డౌన్‌హిల్ (మౌంటెన్ బైకు మీద కొండ పై నుంచి కిందికి దిగే ఆట) తొక్కుతున్నాను. కార్డిఫ్, న్యూపోర్ట్, బ్రిస్టల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది ఈమధ్య మౌంటెన్ బైకులు కొంటున్నారు. అక్టోబరు దాటగానే వాళ్ల దగ్గర నుంచి ఫోన్లు మొదలవుతాయి: టైర్లు మార్చాలా, ఏవి వేయాలి, ఎంత గాలి కొట్టాలి అని. ఇన్నేళ్లుగా విడివిడిగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

చలికాలానికి వేరే టైర్లు నిజంగా కావాలా?

నవంబరు నుంచి మార్చి దాకా వేల్స్ కొండల్లో తొక్కేవాళ్లకు కావాలి, కనీసం ముందు చక్రానికైనా. మన ఊళ్లో వాన కుండపోతగా కురిసినా రెండ్రోజులు ఎండ కాస్తే నేల గట్టిపడుతుంది. ఇక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే. ఆ కాస్త ఎండా నేలబారుగా వచ్చి చెట్ల మీదే ఆగిపోతుంది. పైన ముసురు పడుతూనే ఉంటుంది. అడవిలో ఒకసారి తడిసిన దారి నెలల తరబడి ఆరదు. దాని మీద వారం వారం సైకిళ్లు తిరిగేసరికి పై పొరంతా అంబలిలా తయారవుతుంది.

వేసవి టైరుకు గుబ్బలు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. గట్టి నేల మీద అవే మంచివి. బురదలో మాత్రం ఆ సందులు మట్టితో నిండిపోయి టైరు నున్నగా అయిపోతుంది. ఈసారి కిందికి దిగాక సైకిలు ఆపి ముందు టైరు ఒకసారి చూడండి. గుబ్బల మధ్య గోరు పెడితే రబ్బరు తగలాలి. మట్టి మెత్తేసినట్టు ఉండి గుబ్బల కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయంటే, అంత దూరం మీరు పట్టు లేని టైరు మీదే దిగారన్నమాట.

మడ్ స్పైక్ అంటే ఏమిటి?

గోదావరి జిల్లాల్లోనో కృష్ణా డెల్టాలోనో పెరిగినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనప కేజ్ వీల్స్ బిగిస్తారు కదా. మామూలు రబ్బరు టైరైతే ఆ మడిలో ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కేజ్ వీల్ పట్టీలు బురదను చీల్చుకుని, అడుగునున్న గట్టి పొర దాకా దిగి పట్టుకుంటాయి. పట్టీల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి మట్టి అక్కడ నిలవదు, జారి పడిపోతుంది. మడ్ స్పైక్ టైరు చేసేది అచ్చం ఇదే. పొడుగ్గా, సన్నగా, ఎడంగా ఉన్న గుబ్బలు పై బురదను దాటి కింద పట్టు వెతుక్కుంటాయి.

అదే కేజ్ వీల్స్‌తో తారురోడ్డు ఎక్కితే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. ట్రాక్టరు దడదడలాడుతుంది, రోడ్డు చెక్కుకుపోతుంది. స్పైక్ టైరుకూ అదే కష్టం. రాతి మీద, గట్టి నేల మీద ఆ పొడుగు గుబ్బలు నిలబడలేక పక్కకి ఒరిగిపోతాయి.

అయితే చలికాలం రాగానే రెండు చక్రాలకూ స్పైకులు వేసేయాలా?

వద్దు. నేను చేసిన తప్పు అదే. నా రెండో చలికాలంలో ఒక షాపుకి వెళ్తే, "వేల్స్ అంటే బురదే, రెండూ ఫుల్ స్పైకులు వేయించుకోండి" అన్నారు. నమ్మి వేయించాను. మర్నాడు తొక్కిన దారి పైకి చూడటానికి బురదే, కింద మాత్రం రాయి పరిచి అణగ్గొట్టిన గట్టి నేల. మూడో మలుపులో సైకిలు వాల్చగానే ముందు టైరు గుబ్బలు మడతపడ్డాయి. అది హ్యాండిల్‌లో తెలిసిపోతుంది. చేతికింద ఏదో మెత్తగా వదిలేసినట్టు అర క్షణం ఉంటుంది, ఆ తర్వాత పట్టు అనేదే ఉండదు. మణికట్టు బెణికి ఆరు వారాలు సైకిలు ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. బురద ఎంత ఉంది అని కాదు, బురద కింద ఏముంది అని చూస్తాను. దారి మొదట్లో సైకిలు దిగి, మడమతో గట్టిగా తొక్కి చూస్తాను. బూటు అంగుళంలోపే దిగి గట్టిగా తగిలితే అది స్పైకుల దారి కాదు. బూటు అంచు దాకా మెత్తగా దిగిపోతే స్పైకులకు పని ఉంది. అర నిమిషం పట్టే ఈ పరీక్ష నాకు ఏ టైరు రివ్యూ కన్నా ఎక్కువ పనికొచ్చింది.

బురదల్లో రకాలేమిటి? ఏ దారికి ఏది?

గట్టి నేల మీద పల్చటి బురద. మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర 2013లో తెరిచిన బైక్‌పార్క్ వేల్స్ లాంటి చోట్ల ఎక్కువ దారులు ఈ రకం. యంత్రాలతో చేసి, రాయి పోసిన దారులు కాబట్టి వానలో కూడా నీళ్లు పోతాయి. ఇక్కడ మీ వేసవి టైరే మెత్తటి రబ్బరులో ఉంటే చాలు. మిక్స్‌డ్ టైరు (వేసవి టైరుకూ ఫుల్ స్పైకుకూ మధ్యరకం) వేసినా పర్వాలేదు. స్పైకులు మాత్రం వద్దు.

మెత్తటి అడవి మట్టి. స్కాట్లాండ్‌లో ట్వీడ్ వ్యాలీ, ముఖ్యంగా ఇన్నర్‌లేథెన్ పైనున్న నిటారు దారులు దీనికి పేరుమోసినవి. ఆకులు, పైన్ సూదులు కుళ్లి తయారైన నల్లటి మట్టి తడిస్తే మెత్తబడుతుంది గానీ టైరుకు గట్టిగా అంటుకోదు. పొట్టి స్పైకులు దీనిలో దిగినంత హాయిగా మరెక్కడా దిగవు. మలుపులో టైరు మట్టిలోకి కోసుకుపోతున్నట్టు ఉంటుంది. చలికాలంలో తొక్కడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన నేల ఇదే.

లోతు బురద. సౌత్ వేల్స్ లోయల్లో చేత్తో తవ్విన నిటారు దారులు జనవరికల్లా కాలువల్లా తయారవుతాయి. మడమ పరీక్షలో బూటు మునిగిపోయే చోట్లు ఇవి. ఫుల్ స్పైకు పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఇక్కడే.

బంకమట్టి. ఆగ్నేయ ఇంగ్లండులో సర్రీ, ససెక్స్ వైపు తొక్కేవాళ్లకు దీని బాధ తెలుసు. మన నల్లరేగడిలో వానాకాలం చెప్పులేసుకుని నడిస్తే అడుగడుగుకూ కాలు బరువెక్కుతుంది చూడండి, అలాగే చక్రం బరువెక్కుతుంది. ఎడం గుబ్బలు ఉన్న సన్న టైరు కొంత నయం. వాన బాగా పడి మట్టి పల్చబడితే తొక్కొచ్చు. సగం ఆరిన రోజు మాత్రం ఏ టైరూ పనిచేయదు, చక్రం ఫ్రేముకి పట్టేసి ఆగిపోతుంది. అలాంటి రోజు వేరే కొండకి పోవడమే మంచిది.

సుద్ద నేల. దక్షిణ ఇంగ్లండులోని సౌత్ డౌన్స్ కొండల్లో ఉంటుంది. తడిస్తే పైపొర సబ్బు రాసినట్టు జారుతుంది, కింద మాత్రం గట్టిగానే ఉంటుంది. స్పైకులు దిగవు. మెత్తటి రబ్బరు, నిదానం, ఈ రెండే దారి.

సరే, మోడళ్ల పేర్లు చెప్పండి.

ముందు చక్రానికి మాక్సిస్ షార్టీ, ష్వాల్బే మ్యాజిక్ మేరీ, కాంటినెంటల్ ఆర్గోటల్, స్పెషలైజ్డ్ హిల్‌బిల్లీ. ఈ నాలుగూ ఒక కుటుంబం అనుకోండి, పైన మిక్స్‌డ్ టైర్లు, పొట్టి స్పైకులు అన్నది వీటినే. గుబ్బలు వేసవి టైరు కన్నా పొడుగు, ఫుల్ స్పైకు కన్నా పొట్టి. దారి మధ్యలో రాళ్లు తగిలినా తట్టుకుంటాయి. వీటిలో షార్టీ బురద వైపు మొగ్గితే, మ్యాజిక్ మేరీ వేసవికి కూడా పనికొచ్చే వైపు మొగ్గుతుంది. ఒక్క టైరుతో ఏడాదంతా గడపాలంటే నేను మ్యాజిక్ మేరీ చెబుతాను. చలికాలానికే వేరుగా కొనగలిగితే షార్టీ.

ఫుల్ స్పైకుల్లో మాక్సిస్ వెట్ స్క్రీమ్, ష్వాల్బే డర్టీ డాన్, కాంటినెంటల్ హైడ్రోటల్, మిషెలిన్ డీహెచ్ మడ్ ఉన్నాయి. ఇవి పోటీల్లో దిగేవాళ్లవి, లేదా వారం వారం లోతు బురదలోనే తొక్కేవాళ్లవి. నెలకు రెండుసార్లు వెళ్లేవాళ్లు కొనకండి.

ఇప్పటికే మాక్సిస్ అసెగై ముందు టైరుగా ఉంటే కంగారు పడి తీసేయనక్కర్లేదు. తడి రాళ్లు, వేర్లు ఉన్న చోట అది చాలా బాగుంటుంది. డౌన్‌హిల్ ప్రపంచ చాంపియన్ గ్రెగ్ మినార్‌తో కలిసి చేసిన టైరు అది. లోతు బురదలో మాత్రం త్వరగా నిండిపోతుంది.

వెనక టైరు ఏం వేయాలి?

వెనక చక్రం జారితే సైకిలు తోక ఊపుతుంది, మీరు సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునే టైం ఉండదు. అందుకే డబ్బు ముందు టైరు మీద పెట్టండి. వెనక బ్రేకు బాగా పట్టే వేసవి టైరు చాలాకాలం నడుస్తుంది: మాక్సిస్ డీహెచ్ఆర్ టూ, ష్వాల్బే బిగ్ బెట్టీ, కాంటినెంటల్ క్రిప్టోటల్ వెనక టైరు లాంటివి. మన బరువు ఎక్కువగా వెనకే పడుతుంది కాబట్టి అది బురదను కొంత తనే నొక్కుకుని దిగుతుంది. పైగా వెనక స్పైకు వేస్తే ఎక్కేటప్పుడు కాళ్లు పీకేస్తాయి. అప్‌లిఫ్ట్ వ్యాను మీద పైకి వెళ్లి, రోజంతా లోతు బురదలో దిగే రోజైతేనే వెనక కూడా షార్టీ వేస్తాను.

రబ్బరు మెత్తదనం అంత ముఖ్యమా?

గుబ్బల ఆకారంతో సమానంగా ముఖ్యం. తడి రాళ్ల మీద అంతకన్నా ఎక్కువ. చలికి రబ్బరు బిగుసుకుంటుంది. జులైలో బాగా పట్టిన టైరే 2 డిగ్రీల చలిలో చెక్కలా అనిపించడానికి కారణం ఇదే. ఒకే మోడల్ టైరు గట్టి రబ్బరులోనూ వస్తుంది, మెత్తటి రబ్బరులోనూ వస్తుంది. పేరు చూసి తక్కువ ధరకు దొరికిందని తెచ్చుకున్నవి చాలావరకు గట్టి రబ్బరువే అయ్యుంటాయి. కొనేముందు పక్కన రాసింది చదవండి. మాక్సిస్‌లో 3సీ మాక్స్‌గ్రిప్, ష్వాల్బేలో ఊదా గీత ఉన్న అడిక్స్ అల్ట్రా సాఫ్ట్, కాంటినెంటల్‌లో సూపర్‌సాఫ్ట్, స్పెషలైజ్డ్‌లో టీ9 అని ఉంటే అది మెత్తటిది. కొన్ని టైర్ల మీద 42ఏ లాంటి అంకె ఉంటుంది. అంకె ఎంత తగ్గితే రబ్బరు అంత మెత్తన.

మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది, తొక్కడం బరువవుతుంది. ముందు చక్రానికి ఈ రెండూ పెద్ద లెక్క కాదు. వెనకకు మాత్రం ఒక మెట్టు గట్టిది తీసుకుంటే సీజనంతా వస్తుంది.

తడి వేర్ల మీద ఏ టైరు జారదు?

అన్నీ జారతాయి. నాచు పట్టిన వేరు దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉంటే దాని మీద స్పైకు మరీ ప్రమాదం, ఎందుకంటే వేరును తాకేది రెండు మూడు గుబ్బల కొసలే. మెత్తటి రబ్బరు కొంత కాపాడుతుంది. మిగతాది మీ చేతిలోనే ఉంది. వేరుకి ముందే బ్రేకు వేసి వేగం తగ్గించుకోండి, వేరు మీదికి వచ్చేసరికి బ్రేకు వదిలేయండి, చక్రం వేరును వీలైనంత అడ్డంగా దాటేలా పెట్టండి. చెక్క వంతెనలకూ ఇదే పద్ధతి.

కేసింగ్ (గుబ్బల కింద టైరు ఒంటిగా ఉండే గుడ్డ పొర) సంగతి? బురద మెత్తనే కదా, పల్చటి టైరు చాలదా?

బురద రాళ్లను దాచేస్తుంది. వేసవిలో కళ్లతో చూసి తప్పించుకునే రాయి చలికాలంలో రిమ్‌కి తగిలాకే తెలుస్తుంది. డౌన్‌హిల్‌కి వెనక రెండు పొరల కేసింగే వేయండి. మాక్సిస్‌లో డబుల్‌డౌన్ లేదా డీహెచ్, ష్వాల్బేలో సూపర్ గ్రావిటీ లేదా సూపర్ డౌన్‌హిల్. బరువు ఒక్కో టైరు 1.2 కిలోలు దాటుతుంది. చలిలో, వేళ్లు కొంకర్లు పోతుంటే, బురద కారుతున్న టైరు ఊడదీసి పంక్చర్ సంగతి చూడటం కన్నా ఆ బరువు మోయడమే సుఖం.

గాలి ఎంత కొట్టాలి?

బురద అనగానే చాలామంది గాలి బాగా తగ్గించేస్తారు. మరీ తగ్గిస్తే మలుపులో టైరు ఒంపులు పోతుంది, గుబ్బలు మట్టిలోకి దిగడానికి కావలసిన బిగువు ఉండదు. 75 కిలోల మనిషికి, రెండు పొరల ట్యూబ్‌లెస్ టైరుకు ముందు 21 నుంచి 23, వెనక 24 నుంచి 26 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఒక్కో పాయింటు మార్చుకుంటూ చూడండి. బరువు ఎక్కువున్నవాళ్లు కాస్త పెంచుకోవాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇంట్లో హీటరు పక్కన, 20 డిగ్రీల దగ్గర 24 పీఎస్ఐ కొట్టి కారులో వేసుకెళ్తే, కొండ మీద 2 డిగ్రీల చలికి అది 21.6 దాకా పడిపోతుంది. ఎక్కడా లీకు లేదు, చలికి గాలి ముడుచుకుంటుంది, అంతే. "నిన్న బాగానే ఉంది, ఇవాళ టైరు మెత్తగా ఉంది" అని టెన్షన్ పడేవాళ్లకు చాలాసార్లు జరిగేది ఇదే. సైకిలు బయట పావుగంట ఉంచి, అప్పుడు డిజిటల్ గేజ్‌తో చూసి సరిచేసుకోండి. పంపు మీదున్న ముల్లును 20ల దగ్గర అంతగా నమ్మకండి.

వెడల్పు టైరు మంచిదా, సన్నదా?

బురదలో 2.35 నుంచి 2.5 అంగుళాల మధ్య చాలు. సన్న టైరు కోసుకుంటూ దిగుతుంది, వెడల్పుది పైపైన తేలుతుంది. 2.6 వేస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య చోటు తగ్గి మట్టి అక్కడ ఇరుక్కుంటుంది, అందులో చిన్న రాళ్లుంటే పెయింటు గీకేస్తాయి. టైరుకి అటూ ఇటూ చిటికెన వేలు దూరుతుందో లేదో చూసుకోండి.

స్పైకులు కత్తిరించుకోవచ్చా?

కత్తిరించుకోవచ్చు. వరల్డ్ కప్ పోటీల్లో మెకానిక్కులు ఎన్నాళ్లుగానో చేస్తున్న పనే. బురద కాస్త ఆరి, దారి గట్టిపడుతుందనిపిస్తే ఫుల్ స్పైకు టైరు తీసుకుని మధ్య గుబ్బల ఎత్తులో మూడో వంతు దాకా కత్తిరించి తీసేస్తారు. మంచి కటింగ్ ప్లయర్, ఓపిక కావాలి. వరసకి వరస ఒకే ఎత్తులో రావాలి. ఒక్క టైరుకే నాకు సాయంత్రమంతా పట్టింది. పక్క గుబ్బల జోలికి వెళ్లకండి, మలుపులో పట్టుకునేవి అవే. ఇప్పుడు షార్టీ లాంటివి నేరుగా పొట్టిగానే దొరుకుతున్నాయి కాబట్టి ఇంట్లో పాత స్పైకు టైరు పడుంటే తప్ప ఈ పని పెట్టుకోనక్కర్లేదు.

టైరు మారిస్తే చాలా? బురదలో నాకు భయంగానే ఉంటోంది.

టైరు సగం పనే చేస్తుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని షాంపెరీలో ప్రపంచ చాంపియన్‌షిప్ రోజు వానకు ఆ నిటారు దారి మొత్తం బురదైపోయింది. ఇంగ్లండు కుర్రాడు డానీ హార్ట్ అందులో 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. సెకనులో పదో వంతుతో పతకాలు చేతులు మారే ఆట ఇది. వీడియో దొరికితే అతని సైకిలు ఎంత జారుతోందో చూడండి. ప్రతి మలుపులోనూ జారుతుంది, అతను దానితో పోట్లాడడు.

మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది: మడమలు కిందికి దించి బరువంతా కాళ్ల మీద పెట్టండి, చేతులు వదులుగా ఉంచండి, చూపు చక్రం మీద కాకుండా ముందుకు పెట్టండి. జారగానే బ్రేకు బిగించకండి. తెలిసిన చిన్న దారిని పదిసార్లు దిగితే ఆ జారుడు ఒంటికి అలవాటవుతుంది, భయం చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. నాకు ఇవి పనికొస్తాయా?

చలికాలానికి అస్సలు అక్కర్లేదు, అప్పుడు మన నేల ఎండిపోయి గట్టిగా ఉంటుంది. మన బురద జూన్ నుంచి సెప్టెంబరు దాకా. వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఎర్రమట్టి దారులు తడిస్తే, మామూలుగా ఎడం గుబ్బలున్న టైరు సరిపోతుంది. నల్లరేగడి తగిలితే బంకమట్టి గురించి పైన చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది, స్పైకులకు పెట్టే డబ్బు దండగ.

తొక్కి వచ్చాక టైర్లు కడగాలా? మళ్లీ వారం ఎలాగూ బురదే కదా?

తప్పకుండా కడగాలి, అదీ ఆ కొండ దగ్గరే. సైకిలు మెరవడానికి కాదు. లార్చ్ చెట్లను చంపే ఫైటోఫ్తోరా రమోరమ్ అనే తెగులు మట్టితో పాటు బూట్లకూ టైర్లకూ అంటుకుని ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోతుంది. మా దగ్గర కుమ్‌కార్న్ అడవిలో ఈ తెగులు వల్ల లార్చ్ చెట్లు లక్షకు పైగా కొట్టేయాల్సి వచ్చింది. అక్కడి ఫారెస్ట్ డ్రైవ్ (అడవిలో కార్లు తిరిగే దారి) 2014లో మూతపడి 2021లో గానీ తెరుచుకోలేదు. నేను వచ్చిన కొత్తలో ఆ కొండ పక్కలు బోడిగా, మొద్దులతో ఉండేవి. ఇప్పుడు వేరే రకం మొక్కలు నడుం ఎత్తు పెరిగాయి.

కారు పార్కింగులో కడిగే చోటు ఉంటే అక్కడే కడగండి. లేకపోతే ఇంటి నుంచి ఐదు లీటర్ల నీళ్ల క్యాను, గట్టి బ్రష్ తీసుకెళ్లండి. గుబ్బల సందుల్లో, ఫ్రేము కింద, బూటు అడుగున మట్టి పోయేదాకా రుద్దండి. ప్రెషర్ వాషర్ ఉంటే టైర్ల మీద ఎంతైనా కొట్టండి, హబ్బుల దగ్గర, పెడళ్ల ఇరుసు దగ్గర మాత్రం వద్దు, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. కడిగేటప్పుడే టైరు పక్కలు చూసుకోండి, చీలిక ఉంటే సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే, చిల్లులు పూడ్చే ద్రవం) తెల్లగా చెమరుస్తూ కనిపిస్తుంది.

స్పైకులు ఎప్పుడు తీసేయాలి?

ఏప్రిల్లో, మడమ దిగడం ఆగిపోయిన వారం. తీసిన టైరును కడిగి, లోపల ఎండిన సీలెంట్ ఊడదీసి, ఎండ తగలని గదిలో వేలాడదీయండి. హీటరు పక్కన పెట్టకండి. పక్క గుబ్బల మొదళ్లలో పగుళ్లు ఉంటే ఆ టైరును వచ్చే ఏడాదికి దాచకండి.